షాఫ్టు మీది లప్పం

ముందు మా అన్నయ్య చెవుల గురించి చెప్పాలి. ముప్ఫై రెండేళ్ళు బస్సు తోలిన చెవులవి. వెనక సీట్లో ఎవరైనా గుర్రు పెడితే, అది మనిషి గురకో గేరుపెట్టె గోలో బండి ఆపకుండానే చెప్పేసేవాడట. డిపోలో మెకానిక్కులు బానెట్ ఎత్తే ముందు ఆయన్ని పిలిచి ఒక చుట్టు తిప్పమనేవారట. ఈ ‘అట’లన్నీ ఆయన నోటితో చెప్పినవే అనుకోండి. అయినా నమ్మాను. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన చెప్పింది నమ్మడం తప్ప నాకు వేరే అలవాటు లేదు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఇక నా చేతుల సంగతి. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేస్తాను. సూదికీ, దాని కింద తిరిగే కొక్కేనికీ మధ్య వెంట్రుకంత సందు ఉంచడం నా పని. సందు ఎక్కువైతే కుట్టు తప్పుతుంది, తక్కువైతే సూది విరుగుతుంది. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. మూడు వందల మిషన్లు నా చేతి కింద నడుస్తున్నాయి. గొప్పలు చెప్పుకుంటోందనుకుంటే అనుకోండి. ఈ కథలో నేను పోగొట్టుకున్నది ఆ గొప్పే కాబట్టి ముందే చెప్పుకోవాలి.

రిటైరైన ఏడాది అన్నయ్య ఒక కిట్ కారు తెప్పించాడు. కారంటే కారు కాదు, ఎప్పటికైనా కారయ్యే అవకాశం ఉన్న పద్నాలుగు పెట్టెలు. ఇనుప గొట్టాల చట్రం, ఫైబర్ బాడీ, సంచుల నిండా బోల్టులు వచ్చాయి. ఇంజను, గేరుపెట్టె, షాఫ్టు, వెనక ఇరుసు మాత్రం ఒక ముసలి కారులోంచి ఊడదీసి మనమే అమర్చుకోవాలి. పై వాటాలో మేము, కింది వాటాలో అన్నయ్యా వదినా. మధ్యలో షెడ్డు. ఆ షెడ్డులో మూడేళ్ళు గడిచిపోయాయి. నేలకు కరుచుకుపోయి, దీపాలు బయటికి పొడుచుకొచ్చి ఉందని వదిన దానికి ‘పీత’ అని పేరు పెట్టింది. “ఈ మూడేళ్ళు నన్ను బాగుచేసి ఉంటే నేనూ పరిగెత్తేవాణ్ణి” అని మా ఆయన దెప్పేవాడు.

మొదటిరోజే అన్నయ్య ఒక పద్ధతి పెట్టాడు.

“బుల్లీ, చేతులు నీవి, చెవులు నావి. బిగించేది నువ్వు, నడిపి వినేది నేను. ఒకళ్ళ పనిలో ఒకళ్ళం వేలు పెట్టొద్దు. ఇద్దరం అన్నీ కెలికితే తప్పెక్కడుందో ఈ జన్మలో తేలదు.”

బాగుందనుకున్నాను. నలభై ఆరేళ్ళ దాన్ని ఇంకా ‘బుల్లీ’ అని పిలిచే మనిషి నాకు సగం పని వదిలిపెట్టడమే గొప్ప అనిపించింది.

ఇంకా రిజిస్ట్రేషన్ కాని బండి రోడ్డెక్కకూడదు. మూసేసిన గోదాము ఒకటి ఉంది మా వీధి చివర. దాని ఆవరణలో పొడుగాటి సిమెంటు దారి ఉంది. గోదాము యజమాని అన్నయ్యకు పాత స్నేహితుడు, అన్నయ్య ఒక్కడే నడపాలన్న షరతు మీద తాళం ఇచ్చాడు. రెండో సీటుకు అప్పటికింకా తోలు కుట్టించలేదు. కాబట్టి నేను గోడ పక్కన నిలబడ్డాను, అన్నయ్య రెండు చుట్లు కొట్టి వచ్చాడు. దిగేటప్పటికి ముఖం వేలాడిపోయింది.

“యాభై దాటితే లోపలెక్కడో ఊఁ... అని మూలుగుతోందే.”

“ఇంజను వేగంతో మారుతోందా, బండి వేగంతోనా?”

“బండి వేగంతోనే.”

అంటే ఇంజనూ క్లచ్చూ బతికిపోయాయి. గేరుపెట్టె వెనకున్న వాటిలోనే ఏదో ఉంది. గోడ పక్కన నాకు సైలెన్సర్ మోత తప్ప ఏమీ వినపడలేదు. చక్రాలు గాలిలోకి లేపి తిప్పితే వినొచ్చు కానీ, అప్పుడు ఇరుసు కిందికి వేలాడి అన్నీ వంకరపోతాయి. ఆ చప్పుడును లెక్కలోకి తీసుకోలేం. అందుకే అసలు ప్రశ్న అడిగాను.

“యాక్సిలేటర్ వదిలేస్తే? గొంతు మారుతోందా, అలాగే ఉంటోందా?”

ఒక క్షణం ఆలోచించాడు. “మారుతోంది. వదిలితే ఇంకాస్త పెరుగుతోంది.”

ఆ ఒక్క మాటతో తప్పు నా నెత్తిన పడింది. ఎలాగంటే, వెనక ఇరుసు మధ్యలో చిన్న పళ్ళచక్రం, దాన్ని పట్టుకుని తిరిగే పెద్ద పళ్ళచక్రం ఉంటాయి. బండిని లాగేటప్పుడు పళ్ళ ఒక ముఖం రాసుకుంటుంది, యాక్సిలేటర్ వదిలితే రెండో ముఖం. వదలగానే గొంతు మారిందంటే పళ్ళు సరిగ్గా కలవడం లేదని అర్థం. ఆ రెండింటి మధ్య దూరాన్ని షిమ్ములనే పలచటి రేకు వలయాలతో సరిచేసింది నేనే. అది నా చేతి పనే.

ఇరుసు విప్పాను. పళ్ళకు నీలం రంగు పూసి తిప్పి చూశాను. రెండు చక్రాలూ కలిసేచోట పడే గుర్తు పంటి నడిమధ్యన, అచ్చు గుద్దినట్టు పడింది. అంతకంటే బాగా పడదు. కానీ అన్నయ్య చెవి మూలుగుతోందని చెప్పింది. నా కంటికి కనిపించిన దాన్ని పక్కనపెట్టి ఆయన చెవిని నమ్మాను. ఒక షిమ్ము మార్చి బిగించాను. “ఉంది, అలాగే ఉంది” అన్నాడు. మళ్ళీ విప్పాను. “ఈసారి వదిలినప్పుడు ఇంకా ఎక్కువైంది బుల్లీ” అన్నాడు. మూడోసారి బేరింగులు కొత్తవి వేశాను. నాలుగోసారికి ఏ షిమ్ము ఎందుకు మారుస్తున్నానో నాకే తెలియని స్థితికి వచ్చాను. ఆరు వారాలు అలా గడిచాయి.

సరిగ్గా ఆ ఆరు వారాల్లోనే పాలిటెక్నిక్ ప్రిన్సిపాల్ మా ఫ్యాక్టరీకి వచ్చాడు. పిల్లలకు మిషన్లు చూపించడానికి వచ్చినవాడు నా బల్ల దగ్గరే గంటసేపు నిలబడిపోయాడు. పోయే ముందు, “మా దగ్గర ఫిట్టింగ్ నేర్పడానికి మనిషి కావాలమ్మా. పుస్తకం చదివినవాళ్ళు చాలామంది ఉన్నారు, చెయ్యి ఉన్నవాళ్ళు లేరు. నెలాఖరు సోమవారంలోగా ఏ సంగతీ చెప్పండి” అన్నాడు. నా పని తెలిసినవాళ్ళ నంబరు ఒకటి ఇవ్వమన్నాడు. అన్నయ్య నంబరు ఇచ్చాను. ఇంకెవరిదిస్తాను?

ఆ ఉద్యోగం మీద నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. పంతొమ్మిదేళ్ళుగా నా చేతిలో ఉన్నదాన్ని నాలుగు జతల చేతుల్లో పెట్టి పోవచ్చు కదా అనిపించింది. ఆ రోజు ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చాను. ఆ సాయంత్రమే అన్నయ్య మూడోసారి వచ్చి, “ఇంకా మూలుగుతోందే” అన్నాడు. రెండు పళ్ళచక్రాలు కలపలేని మనిషి పిల్లలకేం నేర్పుతుంది? ఫ్యాక్టరీలో కూడా ఒకసారి బిగించిన స్క్రూను మూడుసార్లు తడిమి చూసుకోవడం మొదలుపెట్టాను. అన్నయ్యను అడిగాను కూడా, ఒప్పుకోమంటావా వద్దా అని. ఆయన గుడ్డతో స్పానర్ తుడుస్తూ, నా వైపు చూడకుండా, “తొందరేముంది, కొన్నాళ్ళు ఆగు. చెయ్యి కుదుటపడనీ” అన్నాడు. రానని ఉత్తరం రాసి పెట్టుకున్నాను. సోమవారం ఇచ్చేద్దామని.

శనివారం ఉదయం తోలు కుట్టేవాడు రెండో సీటు తెచ్చి పడేసి పోయాడు. చెప్పినదానికన్నా పది రోజులు ముందే. నాలుగు బోల్టులే కదా అని బిగించేశాను. అన్నయ్య వచ్చి చూసి, సంతోషించాల్సింది పోయి, “ఇప్పుడెందుకు?” అన్నాడు.

“నేనూ కూర్చుంటాను. ఒకసారి నా చెవితో వింటాను.”

“నీ బరువు పడితే స్ప్రింగులు కిందికి దిగుతాయి. చప్పుడు మారిపోతుంది.”

“నా బరువు నీకంటే తక్కువే అన్నయ్యా.”

“బెల్టు లేదు.”

“సిమెంటు దారిలో నాకేమవుతుంది?”

వదిన వాకిట్లోంచి, “కూర్చోనివ్వండి, దాని చేత్తో చేసిందేగా” అంది. ఆయనకు ఇక తప్పలేదు.

గోదాము దారిలో మొదటి చుట్టు నలభై దాటలేదు. “ఇంకా తొక్కు” అన్నాను. వినపడనట్టు కూర్చున్నాడు. “అన్నయ్యా, తొక్కు!” అని అరిచాను. ముల్లు యాభై ఐదు దాటింది. అప్పుడు వచ్చింది, సీటు కింద నుంచి, నడుము దగ్గర, ఊఁ... అని. బండి అడుగున కాలు ఆనిస్తే అదురు తెలుస్తోంది.

“యాక్సిలేటర్ వదులు.”

వదిలాడు. చప్పుడు మారలేదు. గొంతు పెరగలేదు, తగ్గలేదు, బండి వేగంతో పాటు మెల్లగా దిగింది.

“మళ్ళీ అందుకో. ఈసారి న్యూట్రల్ చెయ్యి.”

చెయ్యలేదు. గేరు రాడ్డు మీద ఆయన చేతిని పక్కకు తోసి నేనే న్యూట్రల్ చేశాను. ఇంజను హోరు తగ్గింది. పళ్ళ మీద ఇప్పుడు బరువే లేదు. చప్పుడు మాత్రం అలాగే ఉంది. పళ్ళు చేసే మూలుగైతే ఈపాటికి స్వరం మారాలి, లేదా మాయమవ్వాలి. చిన్నపిల్లాడైనా చెప్పగలడు, అది ఇరుసు కాదని. ముప్ఫై రెండేళ్ళు బస్సు తోలినవాడు ఆరు వారాలు చెప్పలేకపోయాడు.

షెడ్డుకు వచ్చాం. బండిని పైకి లేపి కిందికి దూరాను. ఇరుసు కాకపోతే మిగిలింది షాఫ్టు. గేరుపెట్టె నుంచి ఇరుసుకు తిరుగుడు అందించే పొడుగాటి గొట్టం అది. రెండు ముక్కలుగా ఉంటుంది, చుట్టూ పొడుగాటి గాళ్ళు కోసి ఉన్న ఒక ముక్క రెండోదానిలోకి దూరుతుంది. రెండు చివర్లా, షాఫ్టు వంగి తిరగడానికి వీలిచ్చే రెండు క్రాస్ జాయింట్లు ఉంటాయి. అవి రెండూ ఒకే వరసలో ఉండాలి. అప్పుడే ఒకదాని కుదుపును ఇంకొకటి సరిచేస్తుంది. ముక్కలు నాలుగు గాళ్ళు పక్కకు దూరాయంటే చాలు, వేగం పెరిగేకొద్దీ మూలుగుతుంది.

ముసలి కారులోంచి ఊడదీసినప్పుడు, ఆ రెండు ముక్కల మీదా ఎదురెదురుగా ఉలితో బాణం గుర్తులు కొట్టింది నేనే. ఏది విప్పినా ముందు గుర్తు పెట్టడం నా అలవాటు. కానీ ఇంజను ఎక్కించిన రోజు నాకు ఫ్యాక్టరీలో ఓవర్‌టైము. ఇంజను ఎత్తే చైన్ బ్లాకు ఆ ఒక్కరోజుకే అద్దెకు దొరికిందని, పక్కింటాయన్ని తోడు పెట్టుకుని ఇంజను, గేరుపెట్టె, షాఫ్టు అన్నీ అన్నయ్యే ఎక్కించేశాడు. మా పద్ధతి తప్పింది ఆ ఒక్కరోజే. నేను ఇరుసు విప్పడం మొదలుపెట్టాక, తుప్పు పట్టకుండా అంటూ షాఫ్టుకు నల్ల రంగు కూడా వేశాడు.

టార్చి వేసి చూస్తే బాణాలు కనపడలేదు. థిన్నర్ ముంచిన గుడ్డతో రంగు తుడిచాను. రంగు కింద తెల్లగా, నున్నగా ఏదో తగిలింది. గోటితో గీకితే పొడి రాలింది. లప్పం. ఫైబర్ బాడీ గుంటలు పూడ్చడానికి తెచ్చిన లప్పం. దాన్ని నా బాణాల్లో నింపి, అరగదీసి, పైన రంగు కొట్టాడు. మిగతా షాఫ్టంతా వెతికాను, ఇంకెక్కడా లేదు. స్క్రూడ్రైవర్ మొనతో తవ్వితే రెండు బాణాలూ బయటపడ్డాయి. ఒకటి పైకి చూస్తోంది, రెండోది పక్కకు.

పొరపాటున గాళ్ళు తప్పి దూర్చవచ్చు. ఎవరైనా చేస్తారు. పొరపాటున లప్పం పెట్టరు.

బయటికి వచ్చి లేచి నిలబడ్డాను. నా చేతివేళ్ళ మీద తెల్లపొడి చూశాడు. ఇక దాచడానికేమీ లేదని ఆయనకు తెలిసిపోయింది.

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“నువ్వు మొదటిసారి ఇరుసు విప్పినప్పుడు, కిందికి దూరి చూస్తే...” కింద రాలిన తెల్లపొడిని కాలితో పక్కకు నెట్టాడు. “దానికి ముందు నువ్వడిగినప్పుడు నిజంగానే మారుతున్నట్టు అనిపించిందే బుల్లీ.”

“ఆ తర్వాత మూడుసార్లు?”

పక్కనున్న గుడ్డ తీసి మడతపెట్టాడు.

“ఇంజను దించితే తప్ప షాఫ్టు బయటికి రాదు. ఇంజను దించితే నేను చూస్తాను. చూస్తే ఎందుకో చెప్పాలి. అంతేనా? చెప్పడానికి నోరు రాక, నా పళ్ళచక్రాలు నాలుగుసార్లు విప్పించావు. నా చెవిలో పువ్వు పెట్టి కూర్చున్నావు.”

“కొన్నాళ్ళకు చప్పుడు అలవాటైపోతుంది, నువ్వే వదిలేస్తావనుకున్నాను. నీకు వంద పనులొచ్చు, ఒకటి తప్పినా సర్దుకుంటావు. నాకు బస్సు పోయింది, మిగిలింది ఈ పీత ఒక్కటేనే. దీన్ని కూడా నేనే చెడగొట్టానంటే...” ఆయన కళ్ళు చెమర్చాయి.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఏడుపూ వచ్చింది. తప్పు దాచినందుకు కాదు. ప్రతి సాయంత్రం నేను తలవంచుకుని షిమ్ములు లెక్కపెట్టుకుంటుంటే, నా వీపు మీద చెయ్యివేసి, “ఫరవాలేదులే, ఎవరికైనా చెయ్యి తప్పుతుంది” అని ఓదార్చాడే, అందుకు. ఆ ఓదార్పు తలుచుకుంటే ఒంటి మీద ఇప్పటికీ ఏదో పాకినట్టు ఉంటుంది.

అయినా నేను ఆ పని చేశాను. ఫ్యాక్టరీ నుంచి చైన్ బ్లాకు తెచ్చి, శనివారం ఇంజను దించాను, బాణానికి బాణం కలిపి, ఆదివారం ఎక్కించాను. అన్నయ్య పట్టుకోమన్నది పట్టుకున్నాడు, వదలమన్నది వదిలాడు. ఇరుసులో మొదట వేసిన షిమ్ములే మళ్ళీ వేశాను. ఆదివారం సాయంత్రం డెబ్భై దాకా వెళ్ళాం. ఏ మూలుగూ లేదు. రాసిపెట్టుకున్న ఉత్తరం చించేశాను. కోపం కోపంగానే ఉంది. అయినా నా చెయ్యి నాకు తిరిగొచ్చింది. రేపు పాలిటెక్నిక్‌కు వెళ్ళి, ఉద్యోగంలో చేరతానని చెప్పాలి. అన్నయ్యను ఏదో ఒకరోజు క్షమిస్తానేమో కూడా అనుకున్నాను.

సోమవారం సగంరోజు సెలవు పెట్టి పాలిటెక్నిక్‌కు వెళ్ళాను. ప్రిన్సిపాల్ నన్ను చూసి కుర్చీలోంచి సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు.

“నేను వస్తానండీ. ఎప్పటి నుంచి రమ్మంటే అప్పటి నుంచి” అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “ఆ పోస్టు పోయినవారమే ఇంకొకరికి ఇచ్చేశామమ్మా. మీరిచ్చిన నంబరుకు ఫోన్ చేశాను కదా. మీ అన్నగారు చెప్పారు. ఈమధ్య మీకు చెయ్యి అంత నిలకడగా ఉండటం లేదు, ఇంట్లో ఒక పనే నాలుగుసార్లు చేయాల్సివస్తోంది, ఇప్పుడు బరువు పెట్టొద్దు అని. పాపం, మీ గురించి చాలా బాధపడ్డారు.”

ఆయన మంచినీళ్ళు ఇప్పించాడు, తాగాను. మెట్లు దిగుతుంటే ఒక గదిలో పిల్లలు ఆకురాళ్ళతో ఇనుపముక్కలు అరగదీస్తున్న చప్పుడు వినిపించింది. ఎవరో ఎత్తుపల్లాలుగా రుద్దుతున్నారు, మోచెయ్యి దించమని చెప్పేవాళ్ళు లేరు. అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

ఇంటికొచ్చి వదినను అడిగాను, ఫోన్ వచ్చినప్పుడు తానక్కడే ఉందా అని. ఆవిడ పొయ్యి తగ్గించి, చీరకొంగుతో చేతులు తుడుచుకుంది.

“ఉన్నాను. పెట్టేశాక అడిగాను, అదేం మాట అని. నీ చెయ్యి బాగుందని వాళ్ళకు చెప్తే, మరి కారులో చప్పుడెందుకని నువ్వడుగుతావట. బుల్లీ, నీకు చెప్పాల్సింది. చెప్పలేకపోయాను.”

అన్నయ్యను మాత్రం నేను అడగలేదు. తనంతట తనే చెప్తాడేమోనని చూశాను. సోమవారం చెప్పలేదు. మంగళవారం పీతను తుడుచుకుంటూ ఈల వేశాడు. బుధవారం, “మన మధ్య అంతా సరిపోయినట్టేగా?” అన్నాడు. నేను నవ్వాననుకున్నాడో ఏమో, నిమ్మళంగా పోయి పడుకున్నాడు.

గురువారం రిజిస్ట్రేషన్ తనిఖీ. ఇంట్లో కట్టుకున్న బండి కాబట్టి కట్టినవాళ్ళిద్దరూ సంతకం పెట్టాలి, అందుకని వెళ్ళాను. తనిఖీ ఆఫీసరు కాస్త వయసున్నాయన. బండిని అటూ ఇటూ తిప్పాడు, గుంటలోకి దిగి టార్చితో చూశాడు, తానే ఎక్కి ఆవరణ చుట్టూ నాలుగు చుట్లు కొట్టి వచ్చాడు.

“నేను చూసిన ఇంటి బండ్లలో వెనక ఇరుసు ఇంత నిశ్శబ్దంగా ఉన్నది ఇదే. ఎవరు అమర్చారు?”

అన్నయ్య ముఖం వెలిగిపోయింది. నా భుజం మీద చెయ్యివేశాడు.

“మా చెల్లెలండీ! పంతొమ్మిదేళ్ళ అనుభవం. ఈ చెయ్యి పడిందంటే తప్పడమన్నది ఉండదు. ఎవరినైనా అడగండి.”

ఎంత సులువుగా అన్నాడు. ముక్కూముఖం తెలియని మనిషితో, ఎవరికీ ఏ ఉపయోగమూ లేని వేళ, గొంతులో ఒక్క తడబాటు లేకుండా అన్నాడు. ఆ చేతిని నా భుజం మీంచి తీసి కిందికి దించాను.

“ఈ మాట పాలిటెక్నిక్ వాళ్ళు ఫోన్ చేసినప్పుడు అనాల్సింది అన్నయ్యా.”

ఆఫీసరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కాగితాల్లోకి తల దించుకున్నాడు. అన్నయ్య ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు. నేను పెన్ను అందుకుని ఇరుసు అమర్చినవారు అన్నచోట నా పేరు రాసి సంతకం పెట్టాను. చెయ్యి కొంచెం కూడా వణకలేదు.

బయట అన్నయ్య పీత దగ్గర నా వైపు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. నేను గేటు దాటి నడవడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆయన నా పక్కనే నెమ్మదిగా తోలుకుంటూ వచ్చాడు. “బుల్లీ, ఎక్కవే... బుల్లీ” అంటూ బస్‌స్టాపు దాకా వచ్చాడు. నేను బస్సెక్కి టికెట్ తీసుకుని అవతలి వైపు కిటికీ పక్కన కూర్చున్నాను.